‘బ్రదర్స్’ కనబడుట లేదు

"నేరం ఐసు లాంటిది కరుణా. కరిగే లోపలే పట్టుకోవాల. కరిగినాక మిగిలేది తడి. ఆ తడిలో కూడా నేరస్థుడి మొహం చూడగలిగినోడు ఈ జిల్లా మొత్తానికి ఒక్కడే ఉండాడు."

ఆ ఒక్కడు ఎవరని అడుగుతుందేమోనని కిషోర్ బాబు కాసేపు ఆగాడు. కరుణాకుమారి అడగలేదు. ఈలోగా ఐసు ఫ్యాక్టరీ వాకిట్లోని తడిలో ఆయన ఎడమ చెప్పు జారింది. పక్కనున్న ఊక బస్తాను కావలించుకుని నిలదొక్కుకుని, "నేనే," అని పూర్తి చేశాడు.

కిషోర్ బాబు కరుణకు పెద్దమ్మ కొడుకు. విడవలూరు సెంటర్లో సెల్‌ఫోన్లకు అద్దాలు అంటించే షాపు ఆయనది. అద్దాలు అంటించడం బతుకుతెరువు, అపరాధ పరిశోధన జీవితాశయం. పోస్టులో ఆరు వారాల కోర్సు చేసి, వచ్చిన సర్టిఫికెట్టుకు ఫ్రేము కట్టించి, షాపులో దేవుడి పటం పక్కన తగిలించాడు. జేబులో ఎప్పుడూ ఒక భూతద్దం ఉంటుంది. హేచరీల్లో రొయ్యపిల్లల్ని పరీక్ష చేసే రకం. ఇంతవరకూ ఆయన ఛేదించిన పెద్ద కేసు, చర్చిలో మాయమైన హార్మోనియం. తొమ్మిది రోజులు ఊరంతా గాలించాక అది ఆయన షాపులోనే దొరికింది. రిపేరుకు ఇమ్మని పాస్టరుగారు స్వయంగా ఆయన చేతికే ఇచ్చి పోయారట. దొరికింది కదా, అంటాడు కిషోర్ బాబు.

అలాంటి మనిషిని ఎవరైనా కేసుకు పిలుస్తారా? కరుణ పిలిచింది. పిలిచేటంత కష్టం వచ్చింది మరి.

కరుణ పనిచేసే ఐసు ఫ్యాక్టరీ రెజీనాగారిది. సముద్రం వైపున్న గుంటల్లో పట్టుబడి, అంటే రొయ్యల్ని వలేసి పట్టడం, జరిగే రోజున బళ్ళన్నీ ఐసు కోసం ఇక్కడికొచ్చి వరస కడతాయి. ఎవరి వంతు వస్తే వాళ్ళను కేకేసి పిలవాలి. ఇరవై ఏళ్ళుగా ఆ కేక సమాధానంది. సమాధానం అంటే మనిషే. ఆయన అరుగెక్కి నోటికి చేతులు అడ్డంపెట్టి పిలిస్తే గుంటల గట్ల మీద కొంగలు లేచేవి. పోయిన నెల ఆయన గొంతు పోయింది. ఇక అరవొద్దని డాక్టరు చెప్పాడు. అప్పుడు కరుణ, కావలిలో కంప్యూటర్ డిప్లొమా చేసిన పిల్ల, ఎన్నడూ లేంది నోరు తెరిచి, "మిషను చేత పిలిపిస్తానమ్మా," అంది.

పదహారు లైన్ల స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాము, రాసింది. లిస్టులో పేరు ఎక్కించి వంతు రాగానే మీట నొక్కితే, కంప్యూటర్ ఆ పేరు తీసుకుని మైకులో, "ఫలానా వారు, మీ ఐసు రెడీ. బండి లోపలికి తీసుకురండి," అంటుంది. మొదటిరోజు రెజీనాగారు కుర్చీ వేసుకుని కూర్చుని మరీ విన్నారు. కరుణ ఆ రాత్రి పదహారు లైన్లనూ నాలుగుసార్లు చదువుకుని పడుకుంది. ప్రేమలేఖలు కూడా అంత శ్రద్ధగా ఎవరూ చదవరు.

బుధవారం పద్మనాభయ్య బండి వచ్చింది. బండి నుదుటి మీద ఎర్ర అక్షరాలతో ‘పద్మనాభయ్య & బ్రదర్స్’ అని రాసి ఉంటుంది. లిస్టులోనూ కరుణ అలాగే ఎక్కించింది. వంతు రాగానే మైకు, "పద్మనాభయ్య," అని ఊరుకుంది. వారు లేదు, మీ ఐసు లేదు, రెడీ లేదు.

"ఏందమ్మా ఇది, అయివోరు బళ్ళో హాజరు పిలిచినట్టు," అన్నాడు పద్మనాభయ్య. అరవై దాటిన మనిషి, ఇరవై ఎకరాల గుంటలున్న రైతు.

ఆయన తమ్ముడు నరేంద్రబాబు బండి దిగనే లేదు. "నిన్ను పేరు పెట్టన్నా పిలిచింది. నన్ను అసలుకే పిలవలా. బోర్డులో బ్రదర్స్ అంటే నేనే గదా. నన్ను తీసెయ్యమని ఎవురు చెప్పినారు?"

"నన్ను చూస్తావేందిరా? నేనెందుకు చెప్తా?"

"ఎవురూ చెప్పకుండానే మిషనుకి తెలిసిందా?"

గురువారం కూడా మైకు పద్మనాభయ్యను పిలిచి బ్రదర్స్‌ను మింగింది. శుక్రవారమూ అంతే. మిగతా బళ్ళవాళ్ళందరినీ మాత్రం గౌరవంగా, పూర్తిగా పిలిచింది. నరేంద్రబాబు వదిన చేతి అన్నం మానేసి సెంటర్లో హోటలు నుంచి పార్సెళ్ళు తెప్పించుకోవడం మొదలుపెట్టాడు. గుంటలు పంచుకుందామనే మాట కూడా వచ్చింది.

శనివారం పొద్దున రెజీనాగారు కరుణను పిలిచారు. "వాళ్ళు మా నాయన కాలం నుంచి మన కాడే ఐసు తీసుకునే పార్టీ. విడిపోతే ఇద్దరూ వేరే ఫ్యాక్టరీకి పోతారు. ఈరోజు నాలుగింటికి వాళ్ళకి పెద్ద పట్టుబడి. అప్పుడు కూడా ఆ డబ్బా ఇట్టనే పిలిస్తే, డబ్బా తీసి బయట పెడతా. డబ్బా లేకపోతే నీతో నాకేం పని పాపా?"

అప్పటికే కరుణ తన వంతు పరిశోధన తాను చేసింది. మైకును అనుమానించింది. తీగను అనుమానించింది. సముద్రపు గాలిని, కరెంటును, కొంతసేపు నరేంద్రబాబు చెవులను కూడా అనుమానించింది. పదహారు లైన్లను మాత్రం అనుమానించలేదు. అవి తను రాసినవి కదా.

అందుకని డిటెక్టివు వచ్చాడు.

"ముందు నేరస్థలం చూపించు," అన్నాడు కిషోర్ బాబు.

కరుణ కంప్యూటర్ చూపించింది. ఆయన భూతద్దం తీసి కీబోర్డును, తర్వాత కుర్చీ కోళ్ళను పరీక్షించి, లేస్తూ లేస్తూ మౌసుకు మోచెయ్యి తగిలించాడు. లిస్టు పక్కకు పోయి, తెర మీద వెనకున్న నల్లటి విండో బయటపడింది. అందులో ఒక లైను ఉంది: ‘బ్రదర్స్: నాట్ ఫౌండ్’.

ఆ లైను కరుణ నిన్ననే చూసింది. మాట్లాడే గొంతుకు బ్రదర్స్ అనే మాట రాదేమోలే అనుకుని ఊరుకుంది. కిషోర్ బాబు ఊరుకునే రకం కాదు. ఆయన మొహం మెల్లగా గంభీరమైంది.

"నాట్ ఫౌండ్," అన్నాడు. "అంటే?"

"దొరకలేదని."

"కనబడుట లేదని. పేపర్లో వేస్తారే, ఆ మాట. కరుణా, ఇది మైకు కేసు కాదు. కిడ్నాపు."

"ఎవుర్ని?"

"నరేంద్రబాబుని."

"అదిగో ఎదురుగా టీ తాగతా ఉండాడన్నా."

కిషోర్ బాబు కిటికీలోంచి భూతద్దం పెట్టి చూశాడు. దూరంలో ఉన్నవాళ్ళు అందులో తలకిందులుగా కనిపిస్తారు. "అది నరేంద్రబాబే అని నువ్వెట్టా చెప్పగలవు?" అన్నాడు.

కరుణకు చెప్పాలని చాలా ఉంది గాని, కేసు ఎంత దూరం పోతే తన స్క్రిప్టుకు అంత దూరం అవుతుందని లోపల ఎక్కడో ఒక పిరికి సంతోషం. అందుకని పుస్తకం, పెన్ను పట్టుకుని ఆయన వెనకాలే టీ కొట్టుకు నడిచింది.

"నమస్తే. మీరు నరేంద్రబాబుని చివరిసారి ఎప్పుడు చూసినారు?"

నరేంద్రబాబు టీ గ్లాసు కింద పెట్టి ఈయన్ను ఎగాదిగా చూశాడు. "పొద్దున. గెడ్డం గీసుకుంటా అద్దంలో చూసినా."

"అప్పుడతని మొహంలో భయం కనిపించిందా?"

"బ్లేడు కొత్తది. కొంచెం కనిపించింది."

"రాసుకో," అన్నాడు కిషోర్ బాబు కరుణతో. "పదునైన ఆయుధం."

"ఏం పాపా," అన్నాడు నరేంద్రబాబు, "ఈయనకి ఎండలో తిరగబాకని చెప్పేవాళ్ళు లేరా ఇంట్లో?"

తర్వాత పద్మనాభయ్య దొరికాడు. వేపచెట్టు నీడలో బండి మీద వలలు సర్దుతున్నాడు.

"పెద్దయ్యా, మీ బండి మీద బ్రదర్స్ అని ఉండాది. బ్రదర్ కాదు, బ్రదర్స్. అంటే ఒకరికంటే ఎక్కువ. నరేంద్రబాబు ఒక్కడే. ఇంకో తమ్ముణ్ణి ఏం చేసినారు?"

పద్మనాభయ్య బండి నుదుటి మీది అక్షరాల వైపు చూశాడు. "పెయింటరు రాసినాడబ్బయా. తమ్ముడొకడున్నా నలుగురున్నా వాడు ఆ మాట అట్టనే రాసేవాడు."

"ఆ పెయింటరు ఇప్పుడు యాడుండాడు?"

"చచ్చిపొయ్యి పదేళ్ళయింది."

కిషోర్ బాబు కరుణ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "రాసుకో. ముఖ్య సాక్షి మృతి."

"తమ్ముడు వేరే పోతానంటా ఉండాడంట గదా," అని అడిగాడు మళ్ళీ.

పద్మనాభయ్య చేతిలో వల ఆగింది. "వాడు మూడు రోజులుగా ఇంట్లో తినడంలా," అన్నాడు. "వాళ్ళ వదిన రోజూ వాడి కంచం పెడతానే ఉండాది." మళ్ళీ సర్దుకోవడం మొదలుపెట్టాడు. కరుణ పుస్తకంలో ఆ మాట రాయలేదు గాని, ఆ పూటకు అది తప్ప ఇంకేమీ ఆమెకు గుర్తులేదు.

ఫ్యాక్టరీకి తిరిగొస్తూ కిషోర్ బాబు దారిలో నిలబడిపోయి, నడుం మీద చేతులు పెట్టుకుని, సముద్రం వైపు చూశాడు. "ఎవురికి లాభం? ఈ మిషను చెడిపోతే ఎవురికి లాభం? ఈ కేసుకి సమాధానం కావాల."

"ఇక్కడే ఉండానయ్యా," అని ఊక బస్తాల వెనక నుంచి బొంగురు గొంతు వినబడింది. సమాధానం ఐసు దిమ్మల మీద ఊక జల్లుతున్నాడు. "ఏం కావాల?"

కిషోర్ బాబు కళ్ళు చిన్నవయ్యాయి. ఇరవై ఏళ్ళు పిలిచినవాడు. గొంతు పోయినవాడు. మిషను వచ్చి పక్కకు నెట్టినవాడు. పగ. కోర్సులో నాలుగో వారం పాఠమంతా పగ గురించే.

"ఏం లేదులే పెద్దాయనా," అన్నాడు తియ్యగా. "నువ్వు ఊరు దాటి పోబాక."

"యాడికి పోతా? ఆరింటికి మా కోళ్ళు మూయాల."

మూడున్నరకు రెజీనాగారు దిమ్మలు దించేచోటికి కరుణను పిలిచారు. ఆమె అటు పోగానే కిషోర్ బాబు కుర్చీలో కూర్చున్నాడు. రిపోర్టు రాయాలి. పుస్తకంలో రాసిందంతా కరుణ కాబట్టి చేతిరాత తనది కాదు, రేపు కోర్టులో ఇబ్బంది. ఎదురుగా కంప్యూటర్లో ఒక లిస్టు తెరిచి ఉంది. పేర్లున్నాయి. రిపోర్టుకు కావలసినవీ పేర్లే. అనుమానితుల పేర్లు, బాధితుల పేర్లు కొటేషన్లలో పెట్టడం పేపర్లలో చూశాడు. అలా పెడితే ఎంత మామూలు పేరైనా అనుమానంగా కనిపిస్తుంది. పద్మనాభయ్య & బ్రదర్స్‌కు ముందొకటి, వెనకొకటి కొటేషన్ పెట్టాడు. దానికింద కొత్త లైనులో ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ తన నిర్ణయం టైపు చేశాడు. సేవ్ కొట్టాడు. లేచి, ఒళ్ళు విరుచుకున్నాడు.

నాలుగయింది. సోదరుల బండి గేటు ముందు నిలబడింది. అన్న ముందు సీట్లో, తమ్ముడు వెనక వలల మీద, ఒకరికొకరు వీపులు పెట్టి. వరసలో మరో ఆరు బళ్ళున్నాయి. రెజీనాగారు అరుగు మీద నిలబడ్డారు. కరుణ గబగబా లోపలికొచ్చి, తెర వైపు చూసే ధైర్యం లేక, కళ్ళు మూసుకుని మీట నొక్కింది.

"పద్మనాభయ్య అండ్ బ్రదర్స్ వారు," అంది మైకు, "మీ ఐసు రెడీ. బండి లోపలికి తీసుకురండి."

నరేంద్రబాబు వలల మీద లేచి నిలబడ్డాడు. "అన్నా," అన్నాడు మూడు రోజుల తర్వాత మొదటిసారి, "మనల్నే."

"వినబడిందిలేరా. కూర్చో, పడతావు," అన్నాడు పద్మనాభయ్య. బండి లోపలికి కదిలింది.

కరుణకు సంతోషించే వ్యవధి దొరకలేదు. మళ్ళీ ఎవరూ నొక్కకుండానే, ఆమె వేలు మీటమీదే ఉండిపోయినందువల్ల, మైకు తర్వాతి లైను కూడా అందుకుంది.

"అసలు నేరస్థుడు సమాధానం వారు. మీ ఐసు రెడీ. బండి లోపలికి తీసుకురండి."

ఏడు బళ్ళవాళ్ళు విన్నారు. టీ కొట్టు విన్నది. ఊక పార చేత్తో పట్టుకుని సమాధానం గుమ్మంలోకి వచ్చాడు. ఆయన అరవలేడు. అరవలేని మనిషి కోపం చూడటం ఇంకా కష్టంగా ఉంది.

"ఇరవై ఏళ్ళు ఊళ్ళో అందరి పేర్లూ నేను పిలిచినా," అన్నాడు. "నా పేరు ఒకరు పిలవగా వినడం ఇదే మొదులు. నేనేం చేసినానమ్మా?"

కిషోర్ బాబు ముందుకొచ్చాడు. "నటించబాక. మిషను మీద పగతో బ్రదర్స్‌ని దాచినావు. నేను కనిపెట్టేసరికి భయపడి వదిలినావు. రెజీనాగారూ, కేసు ముగిసింది."

రెజీనాగారు సమాధానం వైపు చూశారు. ఆ చూపులో ఇంకా నమ్మకం లేదు, కాని మూడు రోజుల విసుగు ఉంది. "నిజమేనా?"

అప్పుడు కరుణ తెర వైపు చూసింది. సోదరుల పేరుకు అటొకటి ఇటొకటి కొటేషన్ గుర్తులు. వాటి మధ్యలో తీరుబడిగా కూర్చున్న ‘&’. చూసీచూడగానే ఆమెకు చెవుల దాకా వేడెక్కింది. ఈ పాఠం డిప్లొమాలో రెండో నెలలోనే చెప్పారు. పరీక్షలో కూడా వచ్చింది. పది మార్కులకు తొమ్మిది వేశారు.

నోరు మూసుకుంటే ఉద్యోగం ఉంటుంది. మైకు బాగయింది, నేరస్థుడు దొరికాడు, అందరూ ఇళ్ళకు పోతారు. పారతో నిలబడ్డ ముసలాయన ఒక్కడే ఎట్లా పోతాడో తెలియదు.

"ఆయన కాదమ్మా," అంది. "నేను."

"నువ్వేంది?"

"నేరస్థురాలు."

"నువ్వా?" అన్నాడు కిషోర్ బాబు. "నువ్వు నా అసిస్టెంటువి."

కరుణ ఆయన్ను పట్టించుకోలేదు. "సెంటర్లో హోటలుంది గదమ్మా. సర్వరు మన కాడ ఆర్డరు తీసుకుని లోపలికి కేకేస్తాడు. నా స్క్రిప్టు ఆ సర్వరు లాంటిది. అది సొంతంగా మాట్లాడలేదు. లిస్టులో పేరు తీసుకుని, ఇది మాట్లాడించు అని లోపలికి కేకేస్తది. లోపల ఆ కేక వినేదాన్ని షెల్లు అంటారు. ఈ అండ్ గుర్తు వినబడితే షెల్లుకి వేరే అర్థం. ఇక్కడికి ఒక ఆర్డరు అయిపోయింది, దాన్ని పక్క పొయ్యి మీద పెట్టి తర్వాత ఆర్డరు చూడు అని. పద్మనాభయ్య ఒక ఆర్డరు అయిపోయినాడు. ఆయన్ని మాట్లాడించింది. బ్రదర్స్ ఇంకో ఆర్డరు అనుకున్నది. ఆ పేరుతో మా కాడ ఏమీ దొరకదు అన్నది. దాని వెనకున్న మాటలన్నీ దాంతోటే పోయినాయి."

"నేను టిఫినా?" అన్నాడు బండి మీద నుంచి నరేంద్రబాబు.

"ఇప్పుడెట్టా పిలిచింది మరి?" అన్నారు రెజీనాగారు.

"మా కిషోర్ అన్న లిస్టులో ఆ పేరుకి కొటేషన్లు పెట్టినాడు. అవి ఉంటే, ఇదంతా ఒకటే పార్సెల్, విప్పబాక అని షెల్లుకి అర్థమవుతది. అవి రాసేటప్పుడే నేను పెట్టుండాల. మరిచిపోయినా. సమాధానం తాతకి ఏ సంబంధం లేదు. తాతా, తప్పు నాది."

సమాధానం పారను గోడకు ఆనించాడు. "చిన్న గుర్తుకేనా ఇంత?" అన్నాడు. "నేను పిలిచేటప్పుడు అక్కడ కొంచెం ఊపిరి తీసుకునేవాణ్ణి. అంతే."

నరేంద్రబాబు బండి దిగాడు. అన్న పక్కకు వచ్చి నిలబడి, ఆయన మొహం చూడకుండా, "ఈ గుర్తు కోసమా మూడు దినాలు ఆ హోటలు సాంబారు తాగినా?" అన్నాడు.

"రేత్రికి రా. కంచం పెట్టే ఉంటది," అన్నాడు పద్మనాభయ్య, ఆయన కూడా ఎటో చూస్తూ.

ఇంతసేపూ కిషోర్ బాబు పుస్తకం తిరగేసుకుంటున్నాడు. కేసు చేజారిపోతోందని ఆయనకు అర్థమైంది. డిటెక్టివు అన్నాక చివరి క్షణంలో విజృంభించాలి. "ఒక్క ప్రశ్న," అన్నాడు వేలెత్తి. "అన్నదమ్ముల్ని విడగొట్టింది ఈ అండ్ అన్నావు. ఒప్పుకుంటా. వాడు యాడుంటాడు?"

"ఏడో నంబరు మీద," అంది కరుణ, కీబోర్డు వైపు చెయ్యి చూపిస్తూ.

ఆ చేతి వెనక కిటికీ ఉంది. కిటికీ అవతల రొయ్యల గుంటలున్నాయి. వాటికి నంబర్లున్నాయి. కిషోర్ బాబు భూతద్దం జేబులో వేసుకుని, మోటారు సైకిలు ఎక్కి, దుమ్ము లేపుకుంటూ ఏడో నంబరు గుంట వైపు పోయాడు. ఎవరూ ఆపలేదు.

రెజీనాగారు ఆ దుమ్ము అణిగేదాకా చూసి కరుణ వైపు తిరిగారు. "నువ్వు చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు గదా?"

"తెలిసేది కాదమ్మా."

"ఊ." గేటు వైపు చెయ్యి చూపించారు. "వెనక ఆరు బళ్ళుండాయి. వాటిల్లో ఈరోజే కొత్తగా వచ్చిన రెండిటి మీద అండ్ సన్స్ అని రాసుంది, నేను చూసినా. వాళ్ళ వంతు వచ్చే లోపల ఆ లైను సరిచెయ్యి. కొడుకులు గూడా పోయినారంటే మాత్రం నేను ఊరుకోను. సరిచేస్తే సోమవారం ఆరింటికి రా."

కరుణ కుర్చీలో కూర్చుంది. ముందు నేరస్థుడి లైను తుడిచేసింది. కొటేషన్లు పెట్టుకుంటూ పోతే ఎప్పుడో ఒకరోజు మళ్ళీ మరిచిపోతానని ఆమెకు తనమీద గట్టి నమ్మకం. అందుకని పేరును అసలు షెల్లు చేతికే ఇవ్వకుండా, మాట్లాడే ప్రోగ్రాముకు నేరుగా అందించేట్టు తొమ్మిదో లైను తిరగరాసింది. సమాధానాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, బయట మైకు ఆపి, లిస్టులో ఉన్న పేర్లన్నీ ఆయనకు ఒక్కొక్కటే వినిపించింది. సన్స్ రెండు చోట్లా క్షేమంగా వచ్చారు. ఒకచోట ఊపిరి చాల్లేదన్నాడాయన. అక్కడ ఒక కామా పెట్టింది.

సేవ్ చేస్తుండగా ఫోను మోగింది. గాలి హోరులో కిషోర్ బాబు గుసగుసలాడుతున్నాడు.

"కరుణా, ఏడో నంబరు కాడ ఉండా. గట్టు మీద ఇద్దరు మనుషులు కూర్చోనుండారు. వాళ్ళలో అండ్ ఎవుడు?"

కరుణ కిటికీలోంచి చూసింది. ఐసు ఎక్కించుకున్న బండి గేటు దాటుతోంది. ముందు సీట్లో అన్నదమ్ములిద్దరూ ఇరుక్కుని కూర్చున్నారు.

"ఇద్దర్లో ఎవురూ కాదన్నా," అంది. "మధ్యలో చూడు."